తీసేసిన స్తంభం

ఒరేయ్ శేషూ,

నువ్వు పోయాక ఇది రెండో వానాకాలం. మొన్న నువ్వు వంతెన కట్టిన చోట కొండచరియ జారింది. అవనిగడ్డ ఆఫీసులో ఆ కబురు వినగానే, నీ హైవే వంతెన కూడా కూలే ఉంటుందని ఒక్క క్షణం సంతోషించాను. సిగ్గు విడిచి నీకే చెబుతున్నాను.

కూలలేదు. జారిన మట్టంతా ఆరో స్తంభానికీ ఏడో స్తంభానికీ మధ్య ఖాళీలోంచి లోయలోకి పోయింది. ఆ ఖాళీలో నువ్వు మొదట ఇంకో స్తంభం గీశావు, గుర్తుందా?

గుడివాడలో ఒకే బెంచీ మీద చదివాం. నువ్వు కొండల మీద వంతెనలు గీస్తుంటే, నేను దివిసీమలో మురుగుకాలువల మీద తూములు కట్టించాను. నీ డ్రాయింగు పోస్టులో వస్తే చాలు, అన్నం మానేసి తప్పులు వెతికేవాణ్ణి. ఆ స్తంభం దగ్గర దొరికింది. బండల కింద తడి బంకమట్టి ఉందని మట్టి పరీక్ష కాగితంలోనే ఉంది. బంకమట్టి సంగతి దివిసీమలో పనిచేసేవాడికి ఒకరు చెప్పాలా? "ఇది నిలవదు" అని ఎర్ర ఇంకుతో రాసి పంపి, ఆ పూట కడుపునిండా తిన్నాను. నువ్వు మారుమాట లేకుండా దాన్ని తీసేశావు.

వంతెన నిలబడిందని ఇవాళ పేపర్లో నీ ఫోటో వేశారు. నా పేరెక్కడా లేదు. ఒళ్ళు మండి మీ ఆవిడకి ఫోన్ చేశాను.

"అంతమంది పెద్ద ఇంజనీర్లుండగా, డ్రాయింగులు నాకెందుకు పంపేవాడమ్మా?"

"నేనూ అడిగానన్నయ్యగారూ. 'మెచ్చుకునేవాళ్ళు ఇక్కడ బోలెడుమంది, నన్ను చూసి కుళ్ళుకునేవాడు వాడొక్కడే, వాడి కంటికి తప్పు దొరక్కపోదు' అనేవారు."

అంటే నా కడుపుమంట నీకు మొదట్నుంచీ తెలుసన్నమాట. తెలిసీ పంపేవాడివి. ఇందులోనూ నాకంటే పెద్దవాడివైపోయావు కదరా.