రెండంగుళాలు తగ్గిన గుమ్మం

శ్రీవారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం సోమవారం అందింది. దగ్గు తగ్గిందని చదివి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, మీ అక్కగారు నాకంటే బాగున్నారు. ఇంటి సంగతి చాలా ఉంది. దీన్ని భోజనం బెల్లుకీ తర్వాతి బెల్లుకీ మధ్య చదవకండి. సాయంత్రం గదికి వెళ్ళి, చెప్పులు విప్పి, కూర్చుని చదవండి.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటారు. ఫోనులో నా గొంతు మీ ఫ్యాక్టరీ మిషన్ల చప్పుడు దాటి మీ చెవి దాకా రాదు. వచ్చినా "సరే సరే, ఎంతకి అడిగాడు?" అని మాటని అక్కడికే కత్తిరిస్తారు. కటింగ్ మాస్టరుగా మీకు మంచి పేరుంది, కాదనను. కాగితం మీదైతే నా వాక్యం చివరి దాకా వెళుతుంది.

గేటు బోర్డు చూసి ఎవరైనా వస్తున్నారా అని అడిగారు. రాక ఏం చేస్తారు? "ఇల్లు అమ్మబడును, దళారులు రానవసరం లేదు" అని ఈసారి సెలవుకి వచ్చినప్పుడు మీరు దగ్గరుండి రాయించారు. మొదటి వారం ఐదుగురు వచ్చారు, అందులో నలుగురు దళారులు. వాళ్ళలో మన వీధి చివర ఉండే తాళాలాయన సంగతి మీకు తెలుసు. ఊళ్ళో సగం ఇళ్ళ తాళాలు ఆయన వేలికే తిరుగుతుంటాయి. రోజూ గేటు దగ్గర ఆగి, ఆ గుత్తి ఆడిస్తూ, "అమ్మగారూ, ఇల్లు అమ్మడమంటే బట్టలు ఆరేయడం అనుకున్నారా మాస్టారు? బోర్డు కట్టగానే అయిపోతుందా?" అంటాడు. నేను నవ్వి లోపలికి వస్తాను. లోపలికి వచ్చాక నవ్వను.

ఒక భార్యాభర్తలు వచ్చి వంటింటి అరలు ఒక్కొక్కటీ తెరిచి చూశారు. నా డబ్బాల మూతలు కూడా తీశారు. మంచినీళ్ళు తాగి, "మేం వేరే చోట ఇల్లు కట్టుకుంటున్నామండీ, అరలు ఎలా పెట్టించాలో చూద్దామని వచ్చాం" అని వెళ్ళిపోయారు. ఇంకొకాయన గేటు తీస్తూనే బాత్రూము ఎక్కడని అడిగాడు. జాగ్రత్తపరుడు, నీళ్ళూ కుళాయిలూ ముందు చూసుకుంటాడని సంతోషించాను. ఆయన లోపలికి వెళ్ళి, పని చూసుకుని, చేతులు తుడుచుకుని, బస్సుకి వేళయిందని పరుగెత్తాడు. ఇక ప్రకటనలో వేయడానికి మీరు స్టూలెక్కి మూలనుంచి తీసిన ఫోటో ఒకటి. అందులో మన హాలు పెళ్ళి మండపంలా ఉంది. ఆ ఫోటో చూసి వచ్చిన వాళ్ళు హాల్లో నిలబడి "హాలు ఎక్కడండీ?" అని అడుగుతున్నారు.

ఫోన్లు కూడా నేను ప్రార్థనకి కూర్చున్న వేళే వస్తాయి. కళ్ళు మూసుకుని "స్వామీ" అంటాను, అవతలనుంచి "నీళ్ళు ఎన్ని గంటలొస్తాయి?" అని వినబడుతుంది.

అక్క సాయంగా ఉంటోందా అని అడిగారు. ఎవరు వచ్చినా నాకంటే ముందు వదినగారు పక్క వీధిలోని తన ఇంటినుంచి వచ్చి, హాల్లో కుర్చీ వేసుకుని సిద్ధం. ఆవిడ మనసు బంగారం, అందులో అనుమానం లేదు. కానీ మొన్న ఒక కొత్త జంట వెనక గది చూసి, గాలి బాగా వస్తోందని ముచ్చటపడుతున్నారు. వదినగారు లేచి, "గాలికేం! మా నాన్న ఈ గదిలోనే పోయాడు. ఇదిగో, సరిగ్గా నువ్వు నిలబడ్డావే అమ్మాయ్, అక్కడే మంచం. ఎంత హాయిగా పోయాడనుకున్నావ్!" అంది. ఆ పిల్ల ఒక్క గెంతులో వీధిలో ఉంది. నేను ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను, అంతే.

కళ్ళజోడు గుమాస్తా మళ్ళీ ఎందుకు రాలేదని అడిగారు. ఇది మాత్రం మన చేతులారా చేసుకున్నది. ఆయన స్టీలు టేపు తెచ్చుకుని, మన ప్రకటన కాగితం తొడమీద పెట్టుకుని గది గదీ కొలిచాడు. కొలిచినకొద్దీ ముఖం చిట్లించాడు. "అమ్మా, ప్రకటన వేశాక ఇల్లు ఉతికారా? అన్ని గదులూ కుంచించుకుపోయాయి" అన్నాడు. ప్రతి గదీ మనం రాసినదానికన్నా రెండంగుళాలు తక్కువ. హాలూ రెండే, వంటిల్లూ రెండే, గుమ్మాలూ రెండే. నాకు తల తిరిగింది.

ఆయన వెళ్ళాక కూర్చుని ఆలోచిస్తే మీరు సెలవుమీద వచ్చి కొలిచిన రోజు గుర్తుకొచ్చింది. మెడలో గుడ్డ టేపు, చెవిమీద సుద్దముక్క. మీరు కొలిచి చెబుతున్నారు, నేను రాస్తున్నాను, మనకి టైలరింగు కొట్టు ఉన్న రోజుల్లోలాగే. "ఇరవై ఆరు... ఇరవై ఎనిమిది రాసుకో." కుట్టులోకి పోయే గుడ్డకని ప్రతి కొలతకీ రెండంగుళాలు కలపడం మీ నాలుకకి అలవాటు. మీరు చెప్పింది చెప్పినట్టు రాయడం నా చేతికి అలవాటు. ఒక్కసారైనా ఇద్దరిలో ఒకరికి, గోడకి కుట్టెందుకని తోచలేదు చూడండి! గోడని తిరగేసి కుడతామా? మీది సగం తప్పు, నాది సగం.

కొలతలు రెండంగుళాలు తప్పాయని మాత్రం పోయిన ఉత్తరంలో రాస్తే మీరు ఏం జవాబిచ్చారు? "రెండంగుళాలు ఎవడు చూస్తాడు, ప్రకటన మార్చకు." ఎవరు చూస్తారో ఇప్పుడు రాస్తాను.

అంబులెన్సు డ్రైవరు వచ్చాడా, గట్టి బేరం, జారనివ్వకు అన్నారు కదా. మొన్నటిది కాదు, అంతకు ముందు ఆదివారం పొద్దున వచ్చాడు. వెంట భార్య, చక్రాల కుర్చీలో తల్లి. ఆవిడకి కాళ్ళు పడిపోయి ఏడాది అయిందట. సన్నగా, చురుగ్గా ఉంది, నోరు ఇంకా చురుగ్గా ఉంది. హాల్లోకి రాగానే వదినగారిని ఎగాదిగా చూసి, "నువ్వూ ఇంటితోపాటే వస్తావా అమ్మా?" అంది. మీ అక్కగారు అంతసేపు నోరు మూసుకుని ఉండడం నేను ముప్పై ఏళ్ళలో చూడలేదు.

గదులన్నీ వాళ్ళకి నచ్చాయి. పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, నాకు గదులతో పనిలేదు, బాత్రూము చూపించు. ఏడాదిగా పరదా కట్టి, మంచం మీదే తడిగుడ్డతో తుడుస్తున్నారు నన్ను, బల్లని తుడిచినట్టు. తలుపు వేసుకుని, నా చేత్తో నేను నీళ్ళు పోసుకోవాలి. అంతే నా కోరిక" అంది.

కొడుకు కుర్చీ తోశాడు. గుమ్మంలో 'టక్' మని ఆగిపోయింది. వెనక్కి లాగి మళ్ళీ తోశాడు. మళ్ళీ టక్. కుర్చీ ఇరవై ఏడంగుళాలు. మన గుమ్మం ఇరవై ఆరు.

ఆ అబ్బాయి ముఖం ఎర్రబడింది. కానీ గొంతు పెంచలేదు. "సార్‌ని ఫోన్లో రెండుసార్లు అడిగానండీ. ఇరవై ఎనిమిది, గ్యారంటీ అన్నారు. ఆ మాట మీదే ఆసుపత్రి వెనక ఇల్లు వదులుకున్నాను. అది నిన్న వేరేవాళ్ళు తీసుకున్నారు" అన్నాడు.

వదినగారికి అప్పుడు నోరు వచ్చింది. "కుర్చీయే లావేమో చూడు నాయనా" అంది.

"కుర్చీ కాదులేమ్మా, నేనే లావు. గుమ్మం ఏం చేస్తుంది పాపం" అంది పెద్దావిడ. అని, వెనక్కి లాగబోతున్న కొడుకుని చేత్తో ఆపింది. ఆ గుమ్మంలోనే ఉండి లోపలికి చూసింది. కుళాయి, బకెట్టు, నేను కడిగి తుడిచి పెట్టిన పీట. "లోపల కిటికీ కూడా ఉందిరా" అంది మెల్లగా.

నేను ఇంటికి వచ్చినవాళ్ళ ముందు తల దించుకున్న రోజు అది. నా చేతిరాతతోనే ఉంది ఆ ఇరవై ఎనిమిది. ఎవరూ చూడని రెండంగుళాలు కావండీ అవి. ఒక మనిషి స్నానం.

ఇక మీరు చివర్లో, కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న: "బీరువా కదపలేదు కదా?"

కదిపాను.

ఆ మర్నాడే తాపీమేస్త్రిని పిలిచి గుమ్మం వెడల్పు చేయమన్నాను. మిమ్మల్ని అడగలేదు. కొట్టాల్సిన గోడకి అవతల మన బీరువా. అది జరిపితే వెనక మీరు రంగు పూసి దాచిన చెమ్మ, మీరు అన్నట్టు అరచేయంత లేదు, దుప్పటంత ఉంది. మేస్త్రి వేలితో తట్టాడు, పెచ్చు ఊడి కాళ్ళమీద పడింది. లోపల గొట్టం తుప్పుపట్టి కారుతోంది. "మాస్టారు అతుకు బాగా వేశారమ్మా, బయటికి కుట్టు కనబడలేదు" అన్నాడు. ఆ మాటకి నేను సిగ్గుతో చచ్చాను. ఇన్నాళ్ళూ ప్రార్థనకి కళ్ళు మూసుకుంటే నాకు దేవుడు కనిపించలేదు, ఆ బీరువానే కనిపించింది. ఈ సంగతి మీకు ఎప్పుడూ చెప్పలేదు.

డ్రైవరు అబ్బాయికి నేనే ఫోను చేసి పిలిచి గోడ చూపించాను. "మీరే చూపిస్తున్నారేంటి పిన్నిగారూ? మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా" అన్నాడు.

"నాకు తెలుసు కదా బాబూ" అన్నాను.

గొట్టం మార్పించాను, గుమ్మం వెడల్పు చేయించాను. ఇల్లు ఆ అబ్బాయికే ఇస్తానని మాట ఇచ్చాను, బయానా తీసుకున్నాను. మీరు పెంచిన ధరకి కాదు. మీరు మొదట అనుకున్న ధరకన్నా కూడా కాస్త తక్కువకే. దళారికి మాత్రం పైసా ఇవ్వలేదు, ఆ ఒక్క మాటా మీది నిలబెట్టాను. గుమ్మం పూర్తయిన రోజు పెద్దావిడ వచ్చింది. కుర్చీ గుమ్మం దాటింది, తలుపు పడింది, గడియ పడింది. గంటసేపు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. కోడలు కంగారుపడి తలుపు తడితే, లోపలినుంచి "ఎవరది?" అంది, తన ఇంటికి ఎవరో వచ్చినట్టు.

ఇల్లు నా పేరున పెట్టించింది మీరే కనుక సంతకం నాదే సరిపోతుంది. శుక్రవారం రిజిస్ట్రేషను. ఈ ఉత్తరం మీకు శనివారానికి ముందు అందదు. మొదట్లో ఫోను గురించి రాసింది నిజమే, కానీ సగం నిజం. మీకు ముందే తెలిస్తే ఆపేస్తారనే ఉత్తరం రాస్తున్నాను. ఇలాంటి పని నేను ఎప్పుడూ చేయలేదు. క్షమించమని అడగాలి, కానీ ఇప్పటికైతే ఆ మాట చేతికి రావడం లేదు.

ఎందుకంటే ఒకటి అడగాలి. ఇల్లు అమ్మి అక్కడ రెండు గదులు కొనుక్కుందాం, ఇద్దరం ఒకచోట ఉందాం అన్నది మీరు. ఆరేళ్ళుగా అంటున్నారు. ఒక బేరం కుదరబోతుంది, "ఇంకాస్త పెంచు" అంటారు. ఇంకొకటి కుదరబోతుంది, "ఒక నెల ఆగు, మంచి రేటొస్తుంది" అంటారు. మీరు ఆపిన ప్రతి బేరానికీ నేను ఇక్కడ ఇంకో రెండు నెలలు ఒక్కదాన్నే తిన్నాను. మీకు నేను రావడం ఇష్టం లేదేమో అని కూడా అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, దేవుడికి కూడా గట్టిగా చెప్పలేదు. మీరు ఒంటరి గదికి అలవాటు పడిపోయారా? పడితే పడ్డారు, నేనూ ఇక్కడ పడ్డాను. అలవాట్ల సంగతి తర్వాత చూసుకుందాం.

ఈ డబ్బుకి అక్కడ రెండు గదులు రావని మీరు లెక్క వేసే ఉంటారు. ఒక గది వస్తుంది. ఆరేళ్ళుగా నాకు నాలుగు గదులున్నాయి, ఏ గదిలోకి వెళ్ళినా నేనే ఉన్నాను. ఒక గది చాలు.

వదినగారు రెండు రోజులు మాట్లాడలేదు. ఇవాళ వచ్చి నా పెట్టెకి తాడు బిగించి కట్టి, "వాడు అరిస్తే నాకు ఫోన్ చెయ్యవే, వాడి సంగతి నేను చూస్తా" అని కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం బండి ఎక్కుతున్నాను. మంగళవారం పొద్దున ఆరున్నరకి అక్కడ దిగుతాను. టిక్కెట్టు కొనేశాను, రిజర్వేషను దొరికింది. స్టేషనుకి రండి. కోపంగా ఉంటే కోపంగానే రండి, పెట్టె బరువుగా ఉంది. రాకపోతే నేనే అడ్రసు అడుగుతూ వస్తాను, మీరు తలుపు తీయాలి.

ఇట్లు,
ముప్పై ఏళ్ళలో మొదటిసారి మిమ్మల్ని అడగకుండా బయలుదేరిన
మీ భార్య