నా మొహం గీసిన బంతి

ఒరే బామ్మర్దీ,

ఫోన్ చేస్తే అది మళ్ళీ మీ అక్క చేతికే పోతుందని ఉత్తరం రాస్తున్నా. తప్పులుంటే నవ్వుకో, నా చదువు నీకు తెలిసిందేగా.

కొన్నాళ్ళు వీడియోలు పంపకురా. గంటలకొద్దీ ఫోన్ పట్టుకుని చూసీ చూసీ మీ అక్క మణికట్టులో పట్టు పోయింది. చేతిలో కత్తెర నిలవక, ఇక బట్టలు కుట్టలేనేమోనని ఏడ్చింది. డాక్టరమ్మ ఫోన్ తగ్గించి, రోజూ మెత్తటి బంతి పిసకమంది. మొదట బద్ధకించింది. బంతి మీద నా మొహం గీసిచ్చా. అప్పట్నుంచి వదిలితే ఒట్టు!

నిన్న మందపాటి జీన్స్ గుడ్డ కరకరా కత్తిరించేసింది. "ఇక బంతెందుకులే" అన్నా.

"అవును, అసలు మొహం ఎదురుగా ఉందిగా" అంటూ నా చెవి మెలిపెట్టింది.

ఇంకా మండుతోందిరా. మండనీ.

మీ బావ