కవాతు మావయ్య పాట

అమ్మలూ,

నీకు అమ్మ దీవెనలు, ముద్దులు. దేవుని దయవల్ల మేమందరం కులాసా. నువ్వూ, అల్లుడుగారూ, పిల్లలూ చల్లగా ఉండాలని రోజూ ఆయన్ని అడుగుతూనే ఉన్నాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవన్నీ వరసగా చెప్తాను, ఏదో మర్చిపోయానని మళ్ళీ సాధించకు. నా మోకాలు పరవాలేదు. వంటింటి కప్పు కారడం ఆగింది. తమ్ముడే నిచ్చెనెక్కి బాగుచేశాడు, నేనూ నీ మరదలూ కింద నిలబడి చెరో సలహా పడేశాం. మీ నాన్న యూనిఫారం నీ మరదలే ఇస్త్రీ చేసి ట్రంకుపెట్టెలో పెట్టింది. పతకాలకు అద్దం కట్టిద్దామన్నాడు వాడు. ఆయన వాటిని మేజోళ్ళ సొరుగులో పడేసుకున్న మనిషి, అక్కడే ఉండనీరా అన్నాను.

ఆయన లేని ఇల్లు ఎలా ఉందన్నావు. దుప్పట్లు వదులుగా ఉన్నాయి. ఆయన సైన్యం పద్ధతిలో అంచులు బిగించి పక్క వేస్తే అందులో దూరడానికి మనం కుస్తీ పట్టాల్సి వచ్చేది. శనివారం సాయంత్రం మనల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టి గోళ్ళు తీసేవారు, రేపు దేవుడి ముందు జోడించేది ఈ చేతులేనా అంటూ. నువ్వు నన్ను మించి పొడుగైన ఏడు నన్ను రెండో చోటికి దింపేశారు. ఆ కోపం నాకింకా పోలేదు.

యుద్ధం కబుర్లు పిల్లల కోసం రాసి పంపమన్నావు. నాకు చెప్తేగా! రాత్రి ప్రార్థనలో, తిరిగి రానివాళ్ళ ఇళ్ళను చూసుకో తండ్రీ అని ఒక్క మాట అనేవారు. ఆపైన లేచి గిన్నెలు కడిగేవారు. నాకు తెలిసిన యుద్ధం అంతే.

ఇక మిగిలింది, చర్చికి వెళ్తున్నానా అన్నది. వెళ్తున్నానని కిందటి ఉత్తరంలో రాశాను. అది అబద్ధం తల్లీ.

మీ నాన్న పాట నీకు తెలుసుగా. సైన్యంలో కవాతు నేర్పి నేర్పి వచ్చిన మనిషి, ఏ కీర్తనైనా ఎడమ కాలు కుడి కాలు లెక్కన అందరికంటే ముందు లాగించేసేవారు. ఊరికే పెట్టారా కవాతు మావయ్య అని పేరు! కీబోర్డు వాయించే టీచరమ్మ పాస్టరుగారికి ఫిర్యాదు కూడా చేసింది. "పాట నిలబడి పాడేది కాదండీ, నడుస్తూ పాడేది" అన్నారట ఈయన. నేను పక్కనుంచి మోచేత్తో పొడుస్తూనే ఉండేదాన్ని. వింటేగా.

ఆయన్ని సమాధి చేశాక వచ్చిన ఆదివారం పాట ఎత్తుకున్నారు. ముందు పరిగెత్తేవాళ్ళు లేరు, పాట ఈడ్చుకుంటూ పోతోంది. మధ్యలోనే లేచి వచ్చేశాను. తర్వాత ప్రతివారం తలనొప్పని తమ్ముడికి చెప్పి పడుకున్నాను. దుఃఖం ఒక్కటే అయితే ఓర్చుకుందును. ఇన్నేళ్ళూ నేను దేవుణ్ణి నమ్మానా, లేక మీ నాన్న వెనక నడిచానా అని భయం పట్టుకుంది. ఆయన పోతే నా భక్తి కూడా పోయిందా అని. ఎవరితో చెప్పుకోను?

మొన్న శనివారం ఆ టీచరమ్మ ఇంటికొచ్చింది. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, "ఆయన్ని అందుకోవడానికే ఇన్నాళ్ళూ వాయించాను వదినా, ఇప్పుడు వేళ్ళు కదలట్లేదు. మీరైనా రండి" అని ఏడ్చేసింది. వస్తానని మాటివ్వలేదు. కానీ తెల్లారి లేచి చీర మార్చుకున్నాను.

చర్చిలో మన బల్ల మీదే కూర్చున్నాను. పాటకు అందరితోపాటు లేచి, మొదటి చరణం వింటూ ఉండిపోయాను. రెండో చరణంలో తమ్ముడు వింతగా నా వంక చూశాడు. ఏంట్రా అనుకున్నాను. చూస్తే పాటలో అందరికంటే నేను ఒక పాదం ముందున్నాను. నా ముందు ఎవరూ లేరు, అయినా పాడుతున్నాను. భయం పోయింది తల్లీ. చివరి మాట నేను పాడేసరికి మిగతావాళ్ళు ఇంకా వెనకే ఉన్నారు. ఏం చెయ్యాలో తోచక కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఒక్కొక్క గొంతే దగ్గరికొస్తోంది. టీచరమ్మది, తమ్ముడిది, నీ మరదలిది.

మీ నాన్న కూడా ప్రతివారం ముందే ముగించేసి అలాగే కళ్ళు మూసుకుని నవ్వుతూ నిలబడేవారు. గెలిచానన్న గొప్ప అనుకునేదాన్ని. కాదమ్మా. మనందరం వచ్చేదాకా ఆగేవారు.

ఇట్లు,
వచ్చే ఆదివారమూ వెళ్ళబోయే
మీ అమ్మ