ఇరవై మార్కుల తలుపులు

జూన్ 3, సోమవారం. మబ్బు. వాన లేదు. పొద్దున్నే డాబా మీద నీళ్ల ట్యాంకు కడిగాను.

సాయంత్రం కాలేజీలో చేరాను. నలభై ఆరేళ్ల వయసులో. కారణం: మూడు వారాల్లోగా షెడ్డులో హెడ్ మెకానిక్‌కు కాలేజీ సర్టిఫికెట్ ఉండాలని బీమా కంపెనీ షరతు పెట్టింది. ఇరవై రెండేళ్లుగా ఆ కుర్చీ నాది. పని షెడ్డులోనే చూసి నేర్చుకున్నాను, సర్టిఫికెట్ లేదు. అదే షెడ్డులో పనిచేసే మా బావమరిదికి ఉంది. స్పార్క్ ప్లగ్ ఎటు తిప్పితే ఊడుతుందో ఇప్పటికీ ఒక్క క్షణం ఆలోచిస్తాడు గానీ, సర్టిఫికెట్‌కు మాత్రం ఫ్రేము కట్టించాడు.

అనుభవం ఉన్నవాళ్లకు మూడు వారాల కోర్సు. పేపర్లు రెండు. ఒకటి వాహనాల మరమ్మతు. రెండోది ఏదో ఒక సైన్సు, తప్పనిసరి. భౌతికశాస్త్రంలో సీట్లు అయిపోయాయి. జీవశాస్త్రం మిగిలింది. క్లచ్ ప్లేటు మార్చాలంటే ముందు కప్ప ఎలా ఊపిరి పీలుస్తుందో తెలియాలన్నమాట. సరే.

తీర్మానాలు:
1. రోజూ 5.30కి లేచి పది పేజీలు.
2. కాలేజీలో స్పానర్ ముట్టను.
3. ఎవరు ఏం చెప్పినా నోరు మెదపను. (ఇది తేలిక.)

జూన్ 4. ఎండ.

5.30కి లేచాను! పది కాదు, పన్నెండు పేజీలు! కణం, కేంద్రకం, పత్రహరితం. ఇంతోటి దానికి కాలేజీ!

మా ఆవిడ పక్కగదిలోంచి, "ఏమండీ, ఎవరితో మాట్లాడుతున్నారు?"

"బట్టీ పడుతున్నా."

"పెళ్లైన కొత్తలో కూడా మీ నోట ఇన్ని మాటలు వినలేదు."

4.00: మరమ్మతు క్లాసు. లెక్చరర్ చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు. ఇంజిన్‌ను తెర మీద విప్పి, తెర మీదే బిగించాడు. ఒక్క బోల్టూ తుప్పు పట్టలేదు. ఒక్క నట్టూ దొర్లిపోయి బల్ల కిందికి పోలేదు. అలాంటి ఇంజిన్ నాకు ఇరవై రెండేళ్లలో తగల్లేదు.

జూన్ 6. ఎండ. ఎనిమిది పేజీలు.

జీవశాస్త్రం ల్యాబ్. చెంప లోపల గీకి, ఆ కణాలను మైక్రోస్కోపులో చూడమన్నారు. నాది చూసి మేడమ్ చాలాసేపు తల ఎత్తలేదు.

"ఇదేంటండీ నల్లగా? ఇది మీలో ఉండకూడదే!"

గోటి కింది గ్రీజు. చెప్పలేదు. (తీర్మానం 3.)

ఆ మైక్రోస్కోపు మర తిప్పితే జారిపోతోంది. వదులైంది. జేబులో చిన్న స్క్రూడ్రైవరు ఉంది. స్క్రూడ్రైవరు స్పానర్ కాదు. బిగించాను. తర్వాత మిగతా పదకొండూ బిగించాను.

జూన్ 9, ఆదివారం. ఉక్కపోత. నాలుగు పేజీలు.

బావమరిది భోజనానికి వచ్చాడు.

"చదువు ఎంతవరకొచ్చింది బావా? డౌట్లుంటే అడుగు, మొహమాటపడకు."

మంచినీళ్ల చెంబు అతని ముందుకు జరిపాను. మా ఆవిడ అటు వాడికి వడ్డిస్తూ ఇటు నాకు చెప్పింది: "మా తమ్ముణ్ని అడగొచ్చుగా, అరిగిపోతారా?"

అరిగిపోతాను.

జూన్ 11. పేజీలు: 0. కళ్లద్దాల కాడ ఊడింది. దాన్ని అతికించేసరికి ఏడు.

జూన్ 12. పేజీలు: 2. రెండూ బొమ్మలే.

జూన్ 13. సాయంత్రం జల్లు.

కాలేజీ గేటు దగ్గర మరమ్మతు లెక్చరర్ కారు ఆగిపోయింది. బానెట్ ఎత్తి, చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి చూస్తున్నాడు, పిల్లాడు జూలో మొసలిని చూసినట్టు. పక్కనుంచి వెళ్లిపోదామనే అనుకున్నాను. స్టార్టరు మరోసారి మూలిగింది. ఆ మూలుగు విని ముందుకు పోవడం నావల్ల కాదు.

4.10 నుంచి 5.50 వరకు కారు కింద ఉన్నాను.

"మీరు ఎక్కడ చదివారండీ?" అన్నాడు.

"మీ క్లాసులోనే."

ఆ టైములో జీవశాస్త్రం క్లాసులో గుండె పాఠం అయిపోయిందట.

జూన్ 17. పరీక్ష ఎల్లుండి. గుండె పాఠం 41 నుంచి 58 దాకా, పద్దెనిమిది పేజీలు. బొమ్మ చూశాను. ఒక పంపు, నాలుగు గదులు, గొట్టాలు. నాకు తెలియని పంపు కొత్తగా ఏం పుట్టుకొస్తుంది? పుస్తకం మూసేశాను.

జూన్ 19. ఎండ. పొద్దున షెడ్డులో ఒక వ్యాను ఇంజిన్ తల విప్పి, వాల్వులన్నీ పేస్టు పెట్టి రుద్ది, బిగువుగా కూర్చోబెట్టాను. చుక్క కారదు. చేతులు కడుక్కుని పరీక్షకు వెళ్లాను.

మరమ్మతు పేపరు: గట్టెక్కుతాను.

జీవశాస్త్రం ఆఖరి ప్రశ్న, ఇరవై మార్కులు: 'హృదయ కవాటాల పనితీరును వివరించండి. అవి సరిగా మూసుకోకపోతే ఏమవుతుంది?'

కవాటం అంటే తలుపు. ఆమాత్రం తెలుగు నాకూ వచ్చు. సైన్సు పేపర్లో కవిత్వం అడిగేవాళ్లను ఏమనాలి? అడిగారు కాబట్టి రాశాను. మనసు తలుపులు బార్లా తెరిచి ఉంచితే ప్రతివాడూ చెప్పులతో లోపలికొస్తాడని, అందుకే మనిషి తక్కువ మాట్లాడాలని. రెండు పేజీలు! ఇంత నేనెప్పుడూ ఎవరికీ చెప్పుకోలేదు.

జూన్ 21. ముసురు.

మరమ్మతు: 52. జీవశాస్త్రం: 31. పాసుకు 35.

మేడమ్ పిలిచి జవాబు పత్రం ముందు పెట్టింది.

"చాలా బాగా రాశారండీ. నేను ఇంట్లో చదివి వినిపించాను కూడా. కానీ మార్కులు ఎలా వెయ్యను? మీరు మెకానిక్ కదా, వాల్వు తెలీదా?"

"వాల్వా?"

"కవాటమంటే వాల్వేనండీ! రక్తం వెనక్కి రాకుండా ఆపేది. క్లాసులో నాలుగుసార్లు చెప్పాను."

నేను ఆ కారు కింద ఉన్నాను. ఆ తర్వాతైనా ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉండొచ్చు. నోరు మెదపని తీర్మానం ఒక్కటే నేను నిలబెట్టుకున్నది.

జూన్ 24, సోమవారం. వాన. షెడ్డు ముందు గుంటలో కంకర పోశాను.

ఓనరు చెప్పాడు: "జులై 12న మళ్లీ పరీక్ష ఉందటగా. పాసైతే నీ కుర్చీ నీకే. పోతే ఇంక నన్ను అడగొద్దు. అప్పటిదాకా మీ బావమరిది చూసుకుంటాడు."

బావమరిది కుర్చీ ఎత్తు పెంచుకున్నాడు. పదిన్నరకు ఒక బండి చప్పుడు విని, "బావా, కొంచెం ఇలా రా, ఇదేంటో విను" అన్నాడు. పన్నెండుకు ఇంకోటి. మూడింటికి ఇంకోటి. కుర్చీలో అతను, చెవులు నావి.

జూన్ 25, మంగళవారం. వాన వెలిసింది. సైకిల్ చైనుకు నూనె వేశాను.

తప్పినవాళ్లకు మళ్లీ క్లాసులు పెట్టారు. నాలుగింటికి వెళ్లాలంటే బావమరిది అనుమతి కావాలి. అడిగాను. ఎటూ నోరు తెరిచాను కదా అని ఇంకోటీ అడిగాను.

"జఠరిక అంటే ఏంటోయ్?"

అతను పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. "గుండె పాఠం మేం ఛాయిస్‌లో వదిలేశాం బావా."

ఇద్దరం వదిలింది ఒకే పాఠం. అతను ఫ్రేము కట్టించుకున్నాడు.

క్లాసులో చెయ్యెత్తి మేడమ్‌నే అడిగాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. "గుండెలో కింది గది అండీ, రక్తాన్ని నెట్టేది" అంది. కూర్చోలేదు. ఇంకో రెండు అడిగాను.

కొత్త తీర్మానాలు:
1. 5.30కి లేవడం. రోజూ ఆరు పేజీలు చాలు, చూసి వదిలేయకుండా.
2. స్పానర్, స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు, ఏదీ ముట్టను.
3. తెలియని ప్రతి మాటా అడుగుతాను. ఎవరినైనా.

6.40: పేజీ 41. చదివాను. 42. చదివాను.

"ఏమండీ, వంటింటి కొళాయి మళ్లీ కారుతోంది."

"పాఠం అయ్యాక చూస్తా."

43. వాషర్ అరిగి ఉంటుంది, చప్పుడు వింటేనే తెలుస్తోంది. 44. రక్తం కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే దారిలో ఒక కవాటం. అంటే వాల్వు. కొళాయి ఇంకా కారుతోంది. 45.