డార్మ్ ఎదుట మీ కారు

గౌరీశంకర్ అంకుల్‌కి,

ఫోన్‌లో చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. క్యాంపస్ సేఫ్టీలో నాది పార్ట్‌టైమ్ పని. తాళాలు మరిచిపోయినవాళ్లకి తలుపులు తీస్తాను, కెమెరాలు చూస్తాను. మొన్న మీరు ఫోన్ చేసి, "మా అమ్మాయి హంసిక ఎవరితో తిరుగుతోందో కెమెరాలో కాస్త చెక్ చెయ్ బాబూ, నీకూ చెల్లెల్లాంటిదే కదా" అన్నారు. నేను ఈ దేశంలో దిగినరోజు ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి తీసుకెళ్లి, ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టారు. అదంతా ఇందుకా అనుకుంటే, తిన్న ఆ అన్నం మీదే రోత పుడుతోంది.

మీకోసం చూడలేదు. కానీ చూడాల్సి వచ్చింది. హంసిక ఉండే హాస్టల్, అదే ఆ అమ్మాయిల డార్మ్ ఎదుట ఎవడో కారులో గంటలకొద్దీ కూర్చుని లోపలికే చూస్తున్నాడని ఇద్దరు పిల్లలు భయపడి కంప్లైంట్ ఇచ్చారు. మా సూపర్‌వైజర్ ఆ వీడియో వేసి, ఎవరైనా గుర్తుపడతారా అని మా అందరినీ అడిగాడు. కారు అద్దానికి వేలాడుతున్న ఆంజనేయుడి బొమ్మని చూడగానే గుర్తుపట్టాను. ఎయిర్‌పోర్ట్‌లో నన్ను ఎక్కించుకున్న కారే అది.

మీ పేరు చెప్పేశాను.

ఇక మీరడిగినదానికి జవాబు. ఆ వీడియోలో హంసిక ఒక్కతే క్లాసుకి వెళ్తోంది, ఒక్కతే వస్తోంది. వెంట పడుతున్న మగాడు మీరొక్కరే.