ఛానెల్ దాటేదాకా మాట్లాడకూడదు

హైదరాబాద్,
ఆగస్టు 6.

గంగరాజు మావయ్యకి, మేనకోడలు యశస్విని నమస్కారాలు.

ఉత్తరమేమిటని కంగారు పడకు. నీ ఫోనెప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది. నేనొక మాట చెబితే నీ బోటు మీది కళాసీలంతా వింటారు, సాయంత్రానికి అమ్మకి చేరిపోతుంది.

ఒకటో తారీఖున వైజాగ్ నుంచి బయల్దేరుతున్నాం. కెప్టెన్ గురునాథరావు గారు, కో-పైలట్‌ని నేను. రన్‌వే వైపు వెళ్తుంటే, "మీ మావయ్య ఫిషింగ్ హార్బర్‌లో బోటు డ్రైవరు కదా, మంచి కోనాం చేప ఎప్పుడు దొరుకుతుంది?" అనడిగారు. ఆ సమయంలో విమానం సంగతి తప్ప వేరే మాట ఆడకూడదని రూలు. అయినా పెద్దాయన కదా అని చేప కోయడం దగ్గర్నుంచి పులుసు పెట్టడం దాకా చెప్పుకొచ్చాను. ఆ ధ్యాసలో కంప్యూటర్‌లో ఒక దారికి బదులు ఇంకో దారి ఎక్కించాను. పైకి లేచాక సముద్రం వైపు తిరగాల్సిన వాళ్ళం కొండ వైపు తిరిగాం. టవర్ వాళ్ళు అరిచారు కాబట్టి బతికాం. వెనకాల నూట అరవై మంది ఉన్నారు మావయ్యా. వాళ్ళకేమీ తెలీదు.

మా ఇద్దర్నీ ఇంట్లో కూర్చోబెట్టారు. పదిహేడున మా ఆఫీసులో పెద్దాఫీసరు కనకరత్నం మేడం విచారణ చేస్తారు. ఉద్యోగం పోతుందని కాదు నా బాధ. కళ్ళు మూస్తే కొండే కనిపిస్తోంది.

ఇట్లు,
యశస్విని

తా.క.: చదివాక చింపెయ్. కేకేసి చదవకు.


ఫిషింగ్ హార్బర్,
ఆగస్టు 16.

చిరంజీవి యశస్వినిని మావయ్య దీవించి రాయడమేటంటే,

సగం చదివి, గంగమ్మకి దణ్ణం పెట్టుకుని మిగతా సగం చదివినాను. కొండంటే మాటలా! తప్పు నీది కాదు, ఆ కెప్టెన్‌ది. నానైతే జెట్టీ వదిలిన కాణ్ణుంచి హార్బర్ ఛానెల్, అదే రాళ్ళ గట్ల మధ్య సన్న దారి, దాటేదాకా నోరు విప్పను, ఎవర్నీ విప్పనివ్వను. మొన్న కళాసీ అశోక్ గాడు పాటందుకుంటే ఆడి చేత బోటంతా కడిగించినాను. ముప్పై ఏళ్ళయింది, నా బోటు రాళ్ళ గట్టుకి గీసుకున్నది లేదు.

అయినా నీకు భయమేటే? భయపడ్డోడు సముద్రం మీదకెళ్ళకూడదు. నీకు ఆకాశమైనా అంతే.

పాపం కెప్టెన్ కోనాం అడిగినాడు కదా. ఆ కోరికేదో తీర్చేస్తే విచారణలో నీ పక్కన నాలుగు మంచి మాటలు చెబుతాడు.

ఇట్లు,
గంగరాజు

తా.క.: చెబుతాడేటి, పంపించేసినాను కూడా. ఆయన ఇల్లు తెలీక మీ ఆఫీసుకే ఈ రాత్రి బస్సులో వేసినాను. ఐసు పెట్టెలో రెండు కోనాలు. చిన్నది మేడం గారికి.


హైదరాబాద్,
ఆగస్టు 20.

మావయ్యకి నమస్కారాలు. ఎంత పని చేశావు!

విచారణ గదిలో నేను నిలబడి ఉండగా ఆ పెట్టె వచ్చింది. మేడం గుడ్డు కూడా ముట్టరు. ఐసు కరిగి నీళ్ళు నా ఫైల్లోకి దిగాయి. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "బయల్దేరేటప్పుడు మీరు మాట్లాడుకున్నది ఈ చేప గురించేనా?" అనడిగారు. అవునన్నాను. ఇంకేం చెప్పను? లంచం అని రాసుకున్నారు. ఇంతలో పెట్టెలో నువ్వు పెట్టిన చీటీ దొరికింది. "తల పారెయ్యకండి, పులుసుకి అదే బాగుంటాది." లంచమిచ్చేవాళ్ళు ఇలాంటి చీటీ రాయరని ఆ మాట కొట్టేశారు.

హెచ్చరికతో వదిలేశారు. శిక్షణ పూర్తి చేసి ముప్పయ్యో తారీఖున మళ్ళీ విమానం ఎక్కమన్నారు. నేనెక్కను మావయ్యా. శిక్షణ గదిలోని ఉత్తుత్తి విమానంలో కూర్చున్నా చేతులకి చెమటలు పడుతున్నాయి. భయపడ్డవాళ్ళు వెళ్ళకూడదని నువ్వే రాశావు. రాజీనామా రాసి పెట్టాను, ఇరవై తొమ్మిదిన ఇచ్చేస్తాను.

ఇట్లు,
యశస్విని

తా.క.: రెండు కోనాలూ గురునాథరావు గారే పట్టుకెళ్ళారు. తల పారెయ్యలేదట.


ఫిషింగ్ హార్బర్,
ఆగస్టు 25.

యశస్వినీ,

ముందు ఆ రాజీనామా ఇవ్వకు. ఇది చదివి అప్పుడు నీ ఇష్టం.

నీ ఉత్తరం మీ అత్త నా కేరేజీ సంచిలో పెట్టి పంపింది. నిన్న తెల్లారగట్ట ఛానెల్లోకొచ్చాక చూసినాను. ఏటయ్యిందోనని ఆగలేకపోయినాను. ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో ఉత్తరం. రాజీనామా అన్న కాడ నా కన్ను ఆగిపోయింది. అశోక్ గాడు "రాళ్ళు! రాళ్ళు!" అని అరిచినాడు. "నోర్ముయ్, ఛానెల్లో మాట్లాడొద్దని ఎన్నిసార్లు చెప్పాలి" అన్నాను.

గట్టుకి గుద్దేసినాను. ముందు చెక్కలు రెండు విరిగినాయి. ఎనిమిది మందిమి, గంగమ్మ దయ వల్ల ఎవరికీ ఏటీ కాలేదు. ఆళ్ళ పెళ్ళాల మొహం చూడలేక ఇంట్లో కూకున్నాను.

కళ్ళు మూస్తే రాళ్ళే కనబడతన్నాయి. నీకు భయమేటని రాసినందుకు సిగ్గేస్తంది. నిజం చెబుతన్నాను, ముప్పై ఏళ్ళ నుంచి ఆ ఛానెలంటే నాకు భయమే. అందుకే నోరు మూసుకుని నడిపేవోణ్ణి. ఎవరికీ చెప్పలేదు, మీ అత్తకి కూడా.

ముప్పయ్యో తారీఖుకి బోటు బాగైపోద్దంట. ఒంటరిగా ఎక్కడం నా వల్ల కాదే. నువ్వెక్కితే నానూ ఎక్కుతాను.

ఇట్లు,
మావయ్య

తా.క.: ఆ రోజు ఎన్ని గంటలకి బయల్దేరతావో ఫోన్ చేసి చెప్పు, స్పీకర్ పెట్టన్లే. అదే టైముకి జెట్టీ వదులుతాను.