బుధవారం నీది, గురువారం నాది

క్రాన్‌బీ, 22 ఏప్రిల్ 1912

ఆంబ్రోస్‌కు హెట్టీ రాయునది.

నేను క్షేమం, నా కాళ్లు మాత్రం కావు. బట్టల కొట్లో రోజుకు పన్నెండు గంటలు నిలబడితే ఎవరి కాళ్లయినా అంతే. కానీ కొత్త చట్టం సంగతి విన్నావా? మే ఒకటి నుంచి కొట్లో పనిచేసే ప్రతివాళ్లకూ వారానికొక పూట సెలవిచ్చి తీరాలట! మా ఊరికి బుధవారం ఖాయమైంది. ఆదివారం రైలు లేదని ఏడ్చే బాధ తప్పింది. నిన్ను చూసి ఎనిమిది నెలలు. బుధవారం రెండున్నర బండికి దిగుతాను.

నీ హెట్టీ

తా.క. పార్లమెంటు పెద్దలు మన సంగతి తెలిసే ఈ చట్టం చేశారని నా నమ్మకం.

థోర్ప్‌లీ, 24 ఏప్రిల్

హెట్టీకి, చీజ్ వాసన వదలని చేతులతో ఆంబ్రోస్ రాసేది.

మా మునిసిపాలిటీ గురువారం పెట్టింది! చట్టమొకటే, సెలవు మాత్రం ఊరికో రోజు. నువ్వు దిగేసరికి నేను కిరాణా కొట్లో చీజ్ కోస్తుంటాను. పనివేళ మాకోసం ఎవరైనా వస్తే యజమాని గుమ్మం ఎక్కనివ్వడు. రావద్దు. నిన్నొక మాట అడగాలి హెట్టీ. ఉత్తరంలో అడిగేది కాదు, ముఖం చూసి అడగాలి.

నీ ఆంబ్రోస్

తా.క. ఆ మాట చీజ్ గురించి కాదు.

క్రాన్‌బీ, 20 మే

ఆంబ్రోస్‌కు, నిద్ర లేని హెట్టీ రాయునది.

నీ ఉత్తరం కొట్టు మేడమీద గదిలో నాతో ఉండే అమ్మాయిల చేతిలో పడింది. “ముఖం చూసి అడగాలన్నాడా? కెనడా పోతున్నా, నన్ను మర్చిపో అంటాడే పిచ్చిదానా!” అంది ప్రూడెన్స్. నోర్ముయ్యమన్నాను గానీ, నిద్ర పట్టలేదు. సెలవు మార్చమని అర్జీ పట్టుకుని ఊళ్లో కొట్లన్నీ తిరిగాను. జూన్ నుంచి మాకూ గురువారమే!

నీ హెట్టీ

తా.క. కెనడా పోతున్నావా? ఒక్క ముక్క రాయి.

థోర్ప్‌లీ, 20 మే

హెట్టీకి ఆంబ్రోస్ రాసేది.

నీకు చెప్పకుండా ఒక ఘనకార్యం చేశాను. కొట్టుకొట్టుకూ తిరిగి, కాళ్లావేళ్లా పడి, జూన్ నుంచి మా ఊరి సెలవు బుధవారానికి మార్పించాను!

నీ ఆంబ్రోస్

తా.క. ఈమధ్య మనసంతా కెనడా మీదే. అక్కణ్నుంచి కొత్త చీజ్ వచ్చింది, ఎంత బాగుందో!

క్రాన్‌బీ, 22 మే

మహారాజశ్రీ ఆంబ్రోస్ టిప్లేడీ గారికి,

నేను గురువారానికి రాగానే తమరు బుధవారానికి పారిపోయారు. మనసంతా కెనడా మీదేనా? వెళ్లండి. కానీ నన్ను వదిలేసే మాటేదో ముఖం మీదే చెప్పి వెళ్లండి. ఇక ఉత్తరాలొద్దు.

హెట్టీ స్ప్రాస్టన్

తా.క. రాసినా చదవను. మీరు రాయకపోతే ఎలా బతకాలో కూడా తెలియడం లేదు.

క్రాన్‌బీ, 5 జూన్, బుధవారం సాయంత్రం

ఓయ్ దొంగా,

నీకు సెలవైన రోజు మా కొట్టు తెరిచే ఉంటుంది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ మనకెందుకు తట్టలేదు? పనివాళ్ల కోసం వచ్చినవాణ్ని తరిమే యజమానే, కొనడానికొచ్చినవాడికి కుర్చీ వేయిస్తాడు!

చేతి తొడుగుల బల్ల దగ్గర ఎవరో కూర్చుంటే, “చెయ్యి ఇవ్వండి సార్” అన్నాను తలెత్తకుండానే. మోచెయ్యి మెత్త మీద ఆనించి వేలువేలుకూ తొడగడం నా ఉద్యోగం కదా. తొడిగి తలెత్తాను. చూద్దును కదా, నువ్వు!

“పెళ్లికి తొడుగులండి. పెళ్లికూతుర్ని ఇంకా అడగలేదు. ఇప్పుడే అడుగుతున్నాను” అన్నావు.

మా మీద పెత్తనం చేసే గ్రూకాక్ గారు పక్కనే నిలబడ్డారు. ఏం చెప్పను? “ఈ కొలతవి లేవండి, వచ్చే బుధవారం రండి” అన్నాను. నువ్వు ముఖం వేలాడేసుకుని వెళ్లిపోయావు. పిచ్చివాడా, అది కాదనడం కాదు. నీ చెయ్యి మళ్లీ పట్టుకోవాలని. ఔనయ్యా మహానుభావా, ఔను!

నీ హెట్టీ

తా.క. రేపు గురువారం. రెండున్నరకు మీ కొట్టుకొక గయ్యాళి వస్తుంది. ఏ చీజూ ఓ పట్టాన నచ్చదు. కొట్టు మూసేదాకా కదలదు.